కప్పు గెలిపించినవాడి వారం జీతం

మొన్న మా ఫుట్‌బాల్ గ్రూపులో ఒకాయన పెద్ద పోస్ట్ పెట్టాడు. వందేళ్ల కిందటి ఆటగాళ్లకు డబ్బు యావ లేదట, క్లబ్బంటే ప్రాణం పెట్టేవాళ్లట, ఇప్పటివాళ్లలా అమ్ముడుపోయేవాళ్లు కాదట. కింద అందరూ చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. అప్పటివాళ్లూ అమ్ముడుపోయారండీ, కాకపోతే ఆ డబ్బు వాళ్ల జేబులోకి రాలేదు. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే ఎవరూ వినరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

జిమ్మీ స్పీర్స్ అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. 1886లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. 1905లో ఆ ఊరి రేంజర్స్ క్లబ్బులో చేరాడు, మూడేళ్ల తర్వాత అదే ఊళ్లోని క్లైడ్‌కి మారాడు, 1909లో సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ సిటీకి వచ్చాడు. స్కాట్లాండ్ జట్టుకు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, 1908లో వేల్స్ మీద, 2-1తో గెలిచారు కూడా. మళ్లీ పిలవలేదు.

బ్రాడ్‌ఫర్డ్ అంటే ఉన్ని మిల్లుల ఊరు. ఆ ఊరి క్లబ్బు పుట్టిందే 1903లో, అదీ అప్పటిదాకా రగ్బీ ఆడుతున్న మ్యానింగ్‌హామ్ అనే క్లబ్బు ఫుట్‌బాల్‌కి మారితే. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్బు ఎఫ్‌ఏ కప్, అంటే ఇంగ్లండ్ క్లబ్బులు పోటీపడే పెద్ద కప్పు, ఫైనల్లో నిలబడింది. ఎదుట న్యూకాజిల్ యునైటెడ్, ఆ రోజుల్లో ఆ పేరు వింటేనే అవతలి జట్లకు దడ. 1911 ఏప్రిల్ 22న క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదటి మ్యాచ్, ఒక్క గోల్ కూడా పడలేదు. నాలుగు రోజుల తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రీప్లే పెట్టారు. దాదాపు 58 వేల మంది జనం. బ్రాడ్‌ఫర్డ్ పదకొండు మందిలో ఎనిమిది మంది స్కాట్లాండ్ వాళ్లే, కెప్టెన్ మన స్పీర్స్, వయసు 25.

పదిహేనో నిమిషంలో బంతి గాల్లో లేచి వచ్చింది, స్పీర్స్ తల పెట్టాడు, గోల్. ఇంత తేలిగ్గా రాసేశాను కానీ అప్పటి బంతి ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. మందపాటి తోలు ముక్కలు కలిపి కుట్టి, లోపల బ్లాడర్ పెట్టి, గాలి ఊదాక ఆ చీలికను బూటు లేసులాంటి తోలు తాడుతో బిగించేవాళ్లు. తడిస్తే తోలు నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. ఆ లేసున్న వైపు నుదుటికి తగిలిందంటే చర్మం లేచిపోయేది. ఇప్పటివాళ్ల ముందు వాళ్లు నిలబడలేరు అని తీర్పు ఇచ్చేవాళ్లు ఆ బంతిని ఒక్కసారి తలతో కొట్టి చూసి చెబితే బాగుంటుంది.

ఆ ఒక్క గోలే తేల్చింది. 1-0. కప్పు అందుకున్నది స్పీర్స్ చేతులు. ఆ కప్పు కూడా ఆ ఏడాదే కొత్తగా చేయించింది, చేసింది బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫాటోరిని అనే నగల కంపెనీ వాళ్లే, అంటే ఆ ఊళ్లో తయారైన కప్పు మొదటి ఏడాదే ఆ ఊరికి తిరిగొచ్చింది. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఒళ్లు పులకరిస్తుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా బ్రాడ్‌ఫర్డ్ సిటీ అంత పెద్ద కప్పు ఇంకోటి గెలవలేదు.

సరే, ఇప్పుడు జీతం సంగతి. ఇంగ్లండ్‌లో 1901 నుంచి ప్రొఫెషనల్ ఆటగాడికి వారానికి నాలుగు పౌన్లకు మించి ఇవ్వకూడదని రూలు. 1910లో దాన్ని కాస్త సడలించారు, అదైనా ఒకే క్లబ్బులో ఏళ్లు గడిపినవాళ్లకు ఐదు పౌన్ల వరకు, అంతే. నువ్వు కప్పు గెలిపించు, దేశానికి ఆడు, నీ కోసం 58 వేల మంది టికెట్టు కొనుక్కుని రానీ, ఐదు దాటదు. మిల్లులో పనిచేసేవాడికన్నా అది ఎక్కువే, కాదనను. కానీ మోకాలు పోతే ఆ రోజుతో ఆట అయిపోయినట్టే, ముప్పై దాటాక పిలిచేవాళ్లు తగ్గిపోతారు, మిగతా జీవితమంతా ఆ నాలుగైదు పౌన్లలో మిగిల్చినదాంతోనే నెట్టుకురావాలి.

ఇంకా దారుణమైనది అప్పటి రిటైన్ అండ్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి. కాంట్రాక్టు అయిపోయినా సరే, క్లబ్బు నిన్ను వదలనంటే నువ్వు లీగ్‌లో ఇంకెక్కడా ఆడలేవు. నీ రిజిస్ట్రేషన్ కాగితం వాళ్ల బీరువాలో ఉంటుంది. జీతం ఇవ్వకుండా కూడా నిన్ను అట్టే పెట్టుకోవచ్చు. దీన్నేనా క్లబ్బు మీద ప్రేమ అంటున్నారు? తాళం వేసి ఉంచితే కదలకుండా కూర్చున్నవాణ్ణి చూసి ఎంత నమ్మకస్తుడో అని మెచ్చుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1912 డిసెంబర్‌లో, అంటే కప్పు తెచ్చి రెండేళ్లు కూడా నిండకముందే, బ్రాడ్‌ఫర్డ్ స్పీర్స్‌ని పక్కనే ఉన్న లీడ్స్ సిటీకి 1,400 పౌన్లకు అమ్మేసింది. వారానికి ఐదు పౌన్ల లెక్కన చూస్తే అది 280 వారాల జీతం, ఐదేళ్ల పైమాటే. ఆ సొమ్ము వెళ్లింది క్లబ్బుకి. 1909లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు తమ ఆటగాళ్ల యూనియన్ కోసం ఎదురుతిరిగి సస్పెన్షన్లకు కూడా వెనకాడకుండా నిలబడ్డారంటే ఊరికే కాదు. జీతాల మీద పరిమితి పోవడానికి 1961 దాకా పట్టింది. అంటే ఒక తరం కాదు, రెండు మూడు తరాలు అలాగే ఆడి వెళ్లిపోయాయి.

లీడ్స్‌లో అప్పుడు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్, తర్వాత హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ క్లబ్బులను నిలబెట్టిన మనిషి. స్పీర్స్ ఆడుతుండగా 1913-14లో ఆ జట్టు రెండో డివిజన్‌లో నాలుగో స్థానం దాకా వచ్చింది. ఆ వేసవిలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

1915లో సీజన్ అయిపోగానే స్పీర్స్ గ్లాస్గో వెళ్లి కామెరాన్ హైలాండర్స్ రెజిమెంట్‌లో చేరాడు. పెళ్లయింది, ఇద్దరు చిన్న పిల్లలు. బలవంతంగా సైన్యంలో చేర్చుకునే చట్టం ఇంకా రాలేదు, అది 1916లో వచ్చింది. తనంతట తానే వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో రకరకాలుగా ఊహించి కథలు అల్లేవాళ్లున్నారు, నాకు ఆ అల్లికలు ఇష్టం లేదు. 1917లో మిలిటరీ మెడల్ వచ్చింది, సార్జెంట్ అయ్యాడు. ఆ ఏడాది ఆగస్టు 20న పాషెండేల్ పోరులో చనిపోయాడు. 31 ఏళ్లు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అతనితో పాటు ఆడిన బాబ్ టోరెన్స్ కూడా మరుసటి ఏడాది ఆ యుద్ధంలోనే పోయాడు. స్పీర్స్ సమాధి బెల్జియంలో ఈప్ర్ దగ్గర డోచీ ఫార్మ్ శ్మశానంలో ఉంది, బ్రాడ్‌ఫర్డ్ అభిమానులు ఇప్పటికీ వెళ్లి చూసి వస్తారు.

అతన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా ఒక గోలు, ఒక చావు, ఈ రెండే చెబుతారు. మధ్యలో ఉన్న బతుకు, వారం వారం జీతం తీసుకుంటూ, ఎవరి చేతుల్లోనో ఉన్న కాగితాన్ని బట్టి ఊళ్లు మారుతూ ఆడిన పదేళ్లు, అది ఎవరికీ పట్టదు. నాకు బాధ అక్కడే.

2003లో స్పీర్స్ 1911 కప్ మెడల్ లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 26,210 పౌన్లకు పోయింది. ఇంకో వేలం కూడా ఉంది. యుద్ధకాలంలో ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చారనే ఆరోపణ మీద, లెక్కల పుస్తకాలు చూపించనందుకు, 1919లో లీగ్ లీడ్స్ సిటీని బహిష్కరించింది. ఆ అక్టోబర్‌లో లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్‌కి మిగతా క్లబ్బుల వాళ్లు వచ్చారు. గోల్‌పోస్టులతో, జెర్సీలతో పాటు ఆటగాళ్లకు కూడా ధర కట్టారు. స్పీర్స్ బతికి ఉండి, ఇంకా ఆడుతూ ఉంటే, ఆ రోజు అతని పేరు కూడా ఆ పట్టీలో ఉండేది.