నాచోస్‌కి కోరం

విశాఖపట్నంలో ఆదివారం సాయంత్రం ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు "ఊరికే అలా వెళ్ళి ఏదైనా తినొద్దాం" అంటారు. సాధారణంగా ఆ మాట అనేది డిగ్రీ చదివే ఆడపిల్ల. పాపం, ఆ పిల్ల లెక్కలో అది చెప్పులేసుకుని బయటపడే వ్యవహారం. కానీ పెద్దల చెవిన ఆ మాట పడ్డ క్షణం నుంచి ఇంట్లో మొదలయ్యే సన్నాహాలకీ, తూర్పు నౌకాదళం ఓ యుద్ధనౌకని రేవు దాటించడానికి చేసే సన్నాహాలకీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నౌకకి కెప్టెన్ ఒక్కడే కాబట్టి అది వేళకి బయల్దేరుతుంది, అంతే.

ముందు కోరం తేలాలి, అంటే ఎవరెవరు వస్తారన్నది. ఎంవీపీ కాలనీ పిన్నిగారికి చెప్పకుండా వెళితే ఆవిడ ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడం సంక్రాంతి దాకా నడుస్తుంది. పిన్నిగారికి చెప్పాక గాజువాక మావయ్యగారికి చెప్పకుండా ఉండే ధైర్యం ఎవరికుంది? ఆయన "మాదేముందర్రా, మీరు కానివ్వండి" అని ఫోన్ పెట్టేసి, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కాక మళ్ళీ ఫోన్ చేసి "ఇంతకీ ఎక్కడికి రమ్మంటారు?" అంటారు. ఈలోగా పాలు కాచాలి. ట్యాంకు నిండేదాకా మోటారు కట్టెయ్యకూడదు. మామ్మ షుగర్ మాత్ర తిండికి అరగంట ముందు పడాలి. తిండి ఎన్నింటికో ఎవరికీ తెలీదు గనక మాత్ర ఎప్పుడన్నది విడిగా చర్చకొస్తుంది. నాన్నగారు ఆరింటికే చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి, ఈ ఇంట్లో ఎవరికీ టైమంటే లెక్కలేదని ప్రకటిస్తారు. అందరూ తెమిలొచ్చాక కారు తాళాలు వెతకడం మొదలుపెట్టేది కూడా ఆయనే.

రెండో అంశం, ఎక్కడికి? బొంగులో చికెన్ అని ఒకరంటారు. అది అరకు దారిలో తినాల్సిందే గానీ ఊళ్ళో తింటే బొంగు దండగ అని ఇంకొకరు కొట్టేస్తారు. మాడుగుల హల్వా ప్రస్తావన వస్తుంది గానీ, అది హైదరాబాదు వెళ్ళే చుట్టాలకి డబ్బాలో పెట్టివ్వడానికే తప్ప మనం తినడానికి పుట్టలేదన్న ఏకాభిప్రాయం ఈ ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. అప్పుడు పిల్ల లేచి "నాచోస్" అంటుంది.

"అంటే ఏటమ్మా?" అంటుంది మామ్మ.

"మొక్కజొన్న చెక్కలు మామ్మా. మీద చీజు పోస్తారు."

"మొక్కజొన్న పొత్తు బీచిలో కాల్చి ఇస్తాడు కదే. దానికి ఏసీ ఎందుకు?"

ఈ ప్రశ్నకి ఇప్పటిదాకా ఏ రెస్టారెంటూ జవాబు చెప్పలేదు. అయినా తీర్మానం నెగ్గుతుంది. ఎందుకంటే చిన్నపిల్లల ఓట్లు ఎప్పుడూ కొత్త పేరున్న దానికే పడతాయి.

ఇంత తతంగానికి కారణమైన పదార్థం ఎలా పుట్టిందో ఒకసారి చూడండి. 1940ల తొలినాళ్ళు, యుద్ధం రోజులు. మెక్సికోలో రియో గ్రాండే నది ఒడ్డున పియెద్రాస్ నెగ్రాస్ అనే ఊరు. అవతలి ఒడ్డున అమెరికా వాళ్ళ ఈగిల్ పాస్. అక్కడి సైనికుల భార్యలు కొందరు నది దాటొచ్చి విక్టరీ క్లబ్ అనే హోటల్లో కూర్చున్నారు. వంటవాడు ఎక్కడా కనబడలేదు. అతిథులకి మర్యాదలు చూసే ఇగ్నాసియో అనాయా వంటింట్లోకి వెళ్ళి, చేతికి దొరికిన మొక్కజొన్న రొట్టె ముక్కల్ని వేయించి, మీద చీజు తురిమి, వేడి తగిలించి, ఊరవేసిన మిరపకాయ ముక్కలు పెట్టి తీసుకొచ్చాడు. నాచో అన్నది ఆయన్ని దగ్గరివాళ్ళు పిలిచే పేరు. అంతే. వాట్సాప్ గ్రూపు లేదు, కోరం లేదు, మావయ్యగారికి ఫోన్ లేదు. అన్నం గిన్నె కడిగేసిన తర్వాత చుట్టాలు దిగితే మన ఆడవాళ్ళు గబగబా ఉప్మా తిప్పెయ్యరూ, అదే పని. తేడా అల్లా, ఉప్మాకి ఏ ఇల్లాలి పేరూ పెట్టలేదు.

సైనికుల ఇల్లాళ్ళ కోసం పుట్టిన వంటకం కాబట్టి, నౌకాదళ కుటుంబాలు ఇన్నున్న ఊరిగా నాచోస్ మీద విశాఖకి వారసత్వ హక్కు ఉందని నా వాదన. ఎవరైనా కాదంటే బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించిన కుర్సురా జలాంతర్గామిని సాక్షిగా చూపిస్తాను. అదీ 2002 నుంచి అక్కడే కూర్చుని, ఊరికే అలా తినడానికొచ్చే జనాన్ని చూస్తోంది.

ఆ చీజు సంగతి కూడా చెప్పాలి. మల్టీప్లెక్సుల్లో పంపు నొక్కితే పసుప్పచ్చగా జారే ద్రవం అనాయా గారి పాపం కాదు. 1976లో టెక్సాస్‌లోని ఆర్లింగ్‌టన్ స్టేడియంలో ఫ్రాంక్ లిబెర్టో అనే వ్యాపారి ఆ పద్ధతి ప్రవేశపెట్టాడు. బేస్‌బాల్ ఆట మధ్యలో లేచొచ్చిన జనం క్యూలో ఇరుక్కోకుండా, పోయడం, ఇవ్వడం, పంపించడం. అంటే నాచోస్ పుట్టింది తొందరలో, ప్రపంచమంతా పాకింది ఇంకా ఎక్కువ తొందరలో. ఇలాంటి పదార్థాన్ని తెచ్చి తెలుగు కుటుంబం మధ్యలో పెడితే ఏమవుతుంది?

మర్యాద అడ్డొస్తుంది. సిరిపురంలో పార్కింగు కోసం అదే వీధి చుట్టూ తిరిగి, చివరికి ఏసీ చల్లదనంలో కూలబడ్డ బంధువర్గం ముందు ప్లేటు దిగుతుంది. పొగలు వస్తుంటాయి. పిన్నిగారు నాన్నగారి వైపు జరుపుతుంది. "ముందు మీరు తీసుకోండి బావగారూ." నాన్నగారు దాన్ని మావయ్యగారి వైపు జరుపుతారు. మావయ్యగారు "పిల్లలకి పెట్టండి" అంటారు. పిల్లలు చెయ్యి పెట్టబోతే అమ్మ కళ్ళెర్రజేస్తుంది, మామ్మ ఇంకా తీసుకోలేదు కదా. మామ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేసరికి చీజు గడ్డకట్టి, అడుగు చెక్కలు మెత్తబడి, ఒక్కటి ఎత్తితే గుత్తంతా లేచొస్తుంది. ఇడ్లీ ఆగుతుంది, పులిహోర మర్నాటి దాకా ఆగుతుంది. నాచోస్ మాత్రం "ముందు మీరు"ని తట్టుకోలేదు.

పైగా అందులో సామాజిక అన్యాయం ఒకటుంది. చీజంతా పై వరసకే దక్కుతుంది. మర్యాద తెలిసినవాళ్ళ చేయి పడేసరికి అడుగున మిగిలేది ఉత్తి ఎండు చెక్క. నాన్నగారు బిల్లును చెక్కల సంఖ్యతో భాగించి, ఒక్కోటి ఎంత పడిందో మెల్లగా చెబుతారు. పక్క టేబులు వాళ్ళకి కూడా వినిపించేంత మెల్లగా. చివరికి ప్లేటులో ఒకే ఒక్కటి మిగులుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆస్తి పంపకాల్లో కూడా అంత త్యాగబుద్ధి కనబడదు.

ఇంగ్లీషులో "సాల్సా, మేడమ్" అంటూ గిన్నె పెట్టిన వెయిటరు కుర్రాడు, "ఇదేటి బావూ, పచ్చడా?" అని మామ్మ అడగ్గానే ఠక్కున ఇంటి భాషలోకి దిగిపోతాడు. "టమాటా పచ్చడేనే మామ్మా, ఉడకబెట్టరు." పలాస కుర్రాడని తేలుతుంది. ఆ తర్వాత ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్కలు అడగకుండానే వస్తాయి. ఈ మొక్కజొన్నకి అంత కరకర ఎలా వచ్చిందని మామ్మ ఆరా తీస్తే పిల్ల ఫోన్లో చూసి చదువుతుంది. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, పొట్టు వదిలాక రుబ్బుతారట. మామ్మకి అప్పుడు నమ్మకం కుదురుతుంది. ఆకుల్లోకి సున్నం ఎంత కావాలో తెలిసిన మనిషి. నిజానికి ఆ సున్నంలో పెద్ద తెలివే ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది దానివల్లే. ఈ పద్ధతి నేర్చుకోకుండా గింజలు మాత్రం పట్టుకుపోయి, అదే తిని బతికిన ఇటలీ పేదలకి ఆ విటమిన్ లోటు వల్ల వచ్చే పెలాగ్రా జబ్బు పట్టుకుంది. టేబులు దగ్గర ఈ ముక్క విన్నది మామ్మ ఒక్కతే. మిగతావాళ్ళు బిల్లు ఎవరిస్తారన్న పెనుగులాటలో ఉన్నారు.

బిల్లు కట్టాక తేలేదేమిటంటే, ఎవరికీ కడుపు నిండలేదు. ఇది ఓటమి అని ఎవరూ ఒప్పుకోరు. "బీచి గాలి పీల్చుకుని పోదాం" అంటారు. ఆర్కే బీచ్‌లో గాలి ఎక్కడ దొరుకుతుందో అక్కడే మురీ (మరమరాల) మిక్చర్ బండి ఉంటుంది. మావయ్యగారు అక్కడ ప్రసంగిస్తారు. మన తిండి మన తిండే, పరాయి తిండి పరాయి తిండే, ఆ మెక్సికో వాళ్ళకి ఇంత రుచి తెలుసా, వగైరా. ఆయన చేతిలో పొట్లం ఉంది. అందులో వేరుశెనగలు, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన కార్న్‌ఫ్లేక్స్. ఈ నాలుగింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. మిరపకాయ పోర్చుగీసు ఓడల మీద వచ్చేదాకా ఇక్కడ కారమంటే ముఖ్యంగా మిరియమే. మురీలూ ఉల్లిపాయా నిమ్మరసమూ తీసేస్తే, మావయ్యగారు తింటున్నదాంట్లో స్వదేశీ అభిమానం తప్ప పెద్దగా స్వదేశీ ఏమీ మిగలదు. పేపరు ముక్కే చెంచాగా ఆయన అంత రుచిగా తింటుంటే ఈ లెక్క చెప్పడం మర్యాద కాదు.

నేను గమనించింది బండివాణ్ణి. వంటవాడు లేడని వగచడు. ముందున్న డబ్బాల్లోంచి చేతికందింది తీసి, కలిపి, ఎవరి పొట్లం వాళ్ళకి ఇచ్చేస్తాడు. "ముందు మీరు" అనే సందే ఉండదు. మామ్మకి కారం వద్దు, పిల్లకి నిమ్మకాయ ఎక్కువ, మావయ్యగారికి ఉల్లిపాయలు దండిగా, అన్నీ గుర్తే. అనాయా గారి అసలు వారసులు ఏసీ గదుల్లో లేరు. అందుకని మహా విశాఖ నగరపాలక సంస్థకి నా విన్నపం ఒక్కటే. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా ఉన్న మురీ మిక్చర్ బళ్ళన్నిటికీ నాచోస్ అమ్మే అనుమతి వెంటనే ఇవ్వాలి. టమాటా, ఉల్లి, మిర్చి, కొత్తిమీర వాళ్ళ దగ్గర ఎలాగూ ఉన్నాయి. పొట్లానికొక చెంచా చీజు చొప్పున పోస్తే పై వరస, అడుగు వరస అన్న తేడా శాశ్వతంగా పోతుంది.

ఈ విన్నపాన్ని ముందు కుటుంబ గ్రూపులో ఆమోదానికి పెట్టాను. మావయ్యగారు బొటనవేలు చూపించారు, చదవకుండానే అని నా అనుమానం. పిన్నిగారు చదివింది గానీ ఏమీ అనలేదు, కారణం వాకబు చేస్తున్నాం. నాన్నగారు పొట్లం ధర ఎంతని అడిగారు. మామ్మకి ఫోన్ లేదు కాబట్టి పక్కన కూర్చుని చదివి వినిపించాల్సి వచ్చింది. అంతా విని, "మరి చీజుకి ఫ్రిజ్జు కావాల కదా, బండి మీద ఎక్కడెడతాడు?" అంది. ఆ అంశం ప్రస్తుతం ఉపసంఘం పరిశీలనలో ఉంది.