ఊరి సైజుని బట్టి కాదు
ఇంగ్లీషులో ‘ఎట్’ (at), ‘ఇన్’ (in) ఎక్కడ వాడాలో చెప్పే మీ వ్యాసంలో, చిన్న చోటుకి ‘ఎట్’, పెద్ద ఊరికి ‘ఇన్’ అని రాశారు. ఈ సూత్రం పిల్లల్ని తికమక పెడుతుందండి. విజయనగరంలో కాపురముంటే ‘ఇన్ విజయనగరం’. అదే విశాఖ నుంచి పలాస వెళ్లే రైలు అక్కడ ఆగితే ‘స్టాప్స్ ఎట్ విజయనగరం’. ఊరు అదే, కానీ ఆ ప్రయాణంలో అదొక మజిలీ. కోట గోడల లోపల ఉంటే ‘ఇన్ ద ఫోర్ట్’. కోట దగ్గర కలుద్దామంటే లోపలా బయటా అన్న పట్టింపు లేదు, ‘ఎట్ ద ఫోర్ట్’ చాలు.

ఎవరినైనా గురిపెట్టి చేసే పనికీ ‘ఎట్’ వాడతాం. ‘త్రో ద బాల్ టు హిమ్’ అంటే పట్టుకోమని వేయడం, ‘ఎట్ హిమ్’ అంటే తగలాలని విసరడం. మా శ్రీకాకుళం పిల్లలు ‘నా మీద అరిచాడు’ అనడానికి ‘షౌటెడ్ ఆన్ మీ’ అని రాసేస్తారు, అక్కడా ఉండాల్సింది ‘ఎట్’. దయచేసి ఈ వాడుక కూడా వ్యాసంలో చేర్చండి.