మహారాజశ్రీ మూడు మెట్ల వారికి

మహారాజశ్రీ మూడు మెట్ల వారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ కనుక రాశాను గానీ, గత శనివారం మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో కుశలం లేదనీ, అందుకు కారకులు తమరేననీ తమకు వేరే చెప్పనక్కరలేదు.

తమరు ఈ ఇంటికి వచ్చిన రోజున జరిగిన మర్యాదలు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. 'గ్రంథాలయ మెట్లు, మహాగని చెక్క, సుమారు 1840' అని వేలం కేటలాగులో అచ్చయిన ఒక్క పంక్తిని నమ్మి, సుత్తి పడిన ధర మీద మళ్ళీ నాలుగో వంతు రుసుము (దేని నిమిత్తమో ఇంతవరకూ ఎవరూ నాకు బోధపరచలేదు) చెల్లించి, అద్దె వ్యానులో దుప్పటి కప్పి తెచ్చి, పుస్తకాల బీరువా పక్కన తమరిని ప్రతిష్ఠించాను. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ, సరస్వతిని అందుకోవడానికి పనికివచ్చే వస్తువు కదా అని, మూడు మెట్లకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆ సమయంలో తమరు నోరు మెదపలేదు.

శనివారం నాడు బీరువా పై నుంచి రెండో అరలో ఉన్న దేవుడి పటానికి పువ్వు పెడదామని అమ్మ రెండో మెట్టు మీద కాలు మోపేసరికి, ఆ మెట్టు సొరుగులా ముందుకు జారింది. బీరువా అంచు చేతికి దొరికింది కనుక పడలేదు. ఆ మెట్టును పూర్తిగా బయటికి లాగి, పైనున్న తోలు మూత ఎత్తి చూస్తే, లోపల గుండ్రటి చిల్లు, ఆ చిల్లుకు అడుగు నుంచి బిగించిన ప్లైవుడ్ ముక్క కనిపించాయి. "ఇదేమిట్రా, ఇడ్లీ గిన్నె పెట్టుకునే చోటులా ఉంది?" అని అమ్మ అడిగింది. చెప్పక తప్పలేదు. ఎత్తయిన ఈకల పరుపు మీద పడుకున్న దొరగారు రాత్రివేళ దిగివచ్చి పని కానిచ్చుకోవడానికి, ఆ చిల్లులో పింగాణీ కుండ ఉండేదని చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బొట్టు పెట్టించావు కదరా నా చేత!" అంది.

ఇక తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు గ్రంథాలయం ముఖం ఎన్నడైనా చూశావా? నువ్వు మంచం మెట్లవు. గడ్డి పరుపు మీద ఉన్ని పరుపు, దాని మీద ఈకల పరుపు పేర్చి మంచాన్ని నడుమెత్తుకు లేపుకున్న ఇంగ్లీషువాళ్ళు, దాని మీదికి ఎక్కడానికి చేయించుకున్న మూడు వెడల్పాటి మెట్లవు. ఆనవాళ్ళన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి, చూడనిది నేనే. పుస్తకాల కోసం ఎత్తు ఎక్కేవాడికి పట్టుకోవడానికి ఒక కొయ్యో, కడ్డీయో తరచుగా ఉంటుంది. నీకు అదేమీ లేదు. నీ మూడు మెట్లూ ఎక్కి నిలబడినా పై అరలోని పుస్తకం నా చేతికి జానెడు దూరంలోనే ఉండిపోయేది, నేను నా పొట్టితనాన్ని తిట్టుకున్నాను. బంగారు గీతలున్న ఆ పచ్చ తోలును ఒక మూల లేపి చూస్తే, కింద చవక పైన్ చెక్క, దాని నిండా వరసలు వరసలుగా మేకుల గుంటలు ఉన్నాయి. పొద్దున్నే దొరగారి ఉత్త పాదాలకు చలి తగలకుండా అక్కడ తివాచీ ముక్కలు పరిచి కొట్టిన గుంటలవి. చిల్లు మూసిన స్క్రూలకు సూదిమొనలు ఉన్నాయి. 1840లకు ముందు చెక్కలోకి బిగించే స్క్రూల కొసలు సాధారణంగా మొండిగానే ఉండేవి. నీ గతాన్ని చెరిపే ముచ్చట నువ్వు పుట్టిన తర్వాతెప్పుడో జరిగిందన్నమాట.

దాచడం మీ దేశపు కళ అని నాకు తెలియక కాదు. రాబర్ట్ క్యాంబెల్ 1774లో లండన్‌లో బల్లలో ఇమిడిపోయే గ్రంథాలయ మెట్లకు పేటెంటు పుచ్చుకున్నాడు. మోర్గన్ అండ్ శాండర్స్ వారు 1811 నాటికి చేతుల కుర్చీని మధ్యకు విరిచి తిరగేస్తే నాలుగు మెట్లయ్యే ఏర్పాటును గొప్పగా ప్రకటించుకున్నారు. వాళ్ళు కుర్చీలో మెట్లు దాచారు, ఒప్పుకుంటాను, చూస్తే ముచ్చటేస్తుంది. మెట్లలో కుండ దాచిన మహానుభావుడి మీద కూడా నాకు కోపం లేదు. అతని అవసరం అది. నా కోపమంతా, కుండ తీసేసి, చిల్లు మూసేసి, తివాచీ పీకేసి, తోలు తొడిగి, నీకు సరస్వతీ ప్రసన్నురాలని బిరుదు తగిలించిన చెయ్యి మీద. పడకగది మెట్లంటే కొనేవాడు ముక్కు మూసుకుంటాడు, గ్రంథాలయ మెట్లంటే నాలాంటివాడు నాలుగో వంతు రుసుముతో సహా మూసుకునేది కళ్ళు. తెల్లవారుజామున ఆ కుండను మూత పెట్టి, అంతస్తులు దిగి మోసుకుపోయిన పనిపిల్ల ఊసు మాత్రం ఏ కేటలాగులోనూ ఉండదు.

నిన్ను తిప్పి పంపేద్దామని నిశ్చయించుకుని, ఆదివారం రాత్రి దుప్పటి చుట్టి నడవలో పెట్టాను. మాది కూడా నీ కాలానికి కాస్త అటూ ఇటూగా కట్టిన వరస ఇళ్ళలో ఒక ఇల్లు, ఏకైక స్నానాలగది కింద వంటింటి వెనక ఉంటుంది. రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి చూశాను. మోకాళ్ళ నొప్పులతో, గోడ పట్టుకుని, నిటారుగా ఉన్న పద్నాలుగు మెట్లు ఒక్కొక్కటే దిగుతూ అమ్మ కనిపించింది. ఆ రాత్రికి అది మూడోసారట. తిరిగి పైకి చేరి, ఆయాసం తీరాక, దుప్పటి చుట్టి ఉన్న నీ వంక కాసేపు చూసింది.

"ఒరేయ్, ఆ చిల్లుకు కొట్టిన చెక్క ఊడదీయించడం కుదురుతుందా?" అని మెల్లగా అడిగింది.

బొట్లు తుడిచి, నిన్ను ఆవిడ మంచం పక్కకు చేర్చాను. చిల్లు కొలిచాను, పదకొండు అంగుళాలు ఉంది. వచ్చే శనివారం అదే వేలంశాలలో ఆ కొలతకు సరిపోయే పింగాణీ పాత్ర ఒకటి వస్తోంది. కేటలాగులో దాన్ని పూలకుండీ అని రాశారు.