రబ్బరు మూత చాటు దొరవారికి

మహారాజశ్రీ కెమెరా యూఎస్‌బీ పోర్టు గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాత్రం క్షేమంగా లేరని మొన్న సర్వీసు సెంటరులో చెప్పారు. స్వయంగా పరామర్శకు రాలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కెమెరా కొనేటప్పుడు తమ ఊసు ఎవరూ ఎత్తరు. మెగాపిక్సెళ్లు ఎన్ని, జూమ్ ఎంత, బ్యాగు ఉచితంగా ఇస్తారా, ఇవే ప్రశ్నలు. తమరు ఒక పక్కన రబ్బరు మూత కింద ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటారు. శుభకార్యం ముగిసి, ఫొటోలు ఎప్పుడు పంపుతున్నావంటూ బంధువులు వెంటపడ్డాక గానీ తమ దర్బారు మొదలవదు. తమ నోట్లో గుచ్చి ఫొటోలను కంప్యూటర్లోకి ఎక్కించడానికి చాలా కెమెరాల పెట్టెలో ఒక కేబుల్ కూడా పెట్టి పంపేవారు. కంపెనీ వారే ఇచ్చారు కాబట్టి అదే రాజమార్గమని జనం నమ్ముతారు పాపం.

తమ దేహదారుఢ్యం సంగతి కాస్త విచారిద్దాం. షట్టరు లక్ష క్లిక్కులు తట్టుకుంటుందని మామూలు మోడళ్లకే చెబుతారు. ఖరీదైన వాటికి మెగ్నీషియం మిశ్రలోహపు ఒళ్లు, వాన తుంపర లోపలికి దిగకుండా అంచులకు సీళ్లు. తమకు దక్కింది బోర్డు మీద కాసిని టంకం చుక్కలు. కోటకు ఏనుగులు కుమ్మినా చెదరని గోడలు కట్టి, దిడ్డివాకిలికి తడిక అడ్డం పెట్టినట్టుంది. తమబోటి మినీ యూఎస్‌బీ పోర్టు ఆయుష్షు 5,000 సార్లు గుచ్చి తీయడం అని ప్రమాణ పత్రాల్లో ఉంది. రోజుకొకసారి చొప్పున పదమూడేళ్లు దాటుతుంది, ఘనమే! అయితే ఆ లెక్క కేబుల్‌ను తిన్నగా గుచ్చి తిన్నగా తీసే మనుషులది. అలాంటి మనుషులు పరీక్షశాలల్లో ఉంటారు. ఇళ్లలో మా బాబాయిలు ఉంటారు.

ఆ ఉదంతం తమరికి తెలియనిది కాదు. గృహప్రవేశం ఫొటోలు ఎక్కించడానికి మా బాబాయి కెమెరాను డైనింగ్ టేబుల్ మీద, ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కన పెట్టారు. చార్జరు అక్కడి ప్లగ్గుకే అందుతుంది మరి. నడిచే దారికి అడ్డంగా కేబుల్ వేలాడుతోంది. పిన్ని అప్పడాల పళ్లెంతో వస్తూ వంగి దాటింది. వెనకాలే పరుగెత్తుకొచ్చిన మనవడు వంగలేదు. కెమెరా బల్ల అంచుకు జారింది, బాబాయి పట్టీని ఒడిసి పట్టుకున్నారు. లెన్సుకు గీత పడలేదని అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. తమను ఎవరూ పలకరించలేదు.

మర్నాడు కేబుల్ గుచ్చితే ల్యాప్‌టాప్ టింగుమంది. మరుక్షణం ఇంకోసారి టింగుమంది. కెమెరా వచ్చింది, కెమెరా పోయింది. కేబుల్ మెడను బొటనవేలితో పైకెత్తి పట్టుకుంటే తప్ప తమరు నోరు విప్పలేదు. అలా వేలు పెట్టుకుని అరగంట కూర్చున్న ఘనత బాబాయిది. చివరికి మెకానిక్ కంటికి భూతద్దం బిగించి చూసి, "పోర్టు బోర్డు మీంచి లేచిపోయిందండీ, బోర్డే మార్చాలి" అన్నాడు. ఇంత చిన్న అద్దె గది కూలితే మొత్తం ఇంటికి ఖరీదు కట్టించే చట్టం తమ రాజ్యంలోనే చూశాను.

పోనీ తమరు పని చేసేటప్పుడైనా సుఖమా? తమ గుండా ఫొటోలు వెళ్లినంత సేపూ కెమెరా మేలుకుని ఉండాలి, బ్యాటరీ కరగాలి. పాత మోడళ్లలో ఆ కేబుల్ చార్జింగ్ ఇవ్వదు కూడా. కాపీ మధ్యలో బ్యాటరీ పోతే కంప్యూటర్లో సగం కోసిన ఫొటో మిగులుతుంది, అసలుది కెమెరాలోని మెమరీ కార్డులో ఉంటుంది కాబట్టి ఆ గండం గడుస్తుంది. కానీ కాపీతో తృప్తిపడని, 'కట్' నొక్కే తొందరగాళ్లు ఉంటారు. కార్డు మీద తుడిచే పని సాగుతుండగా కరెంటు ఆగితే ఏ ఫొటో ఎక్కడుందో రాసుకున్న పట్టికే చెడిపోవచ్చు. అప్పుడు తలంబ్రాలూ ఉండవు, అప్పగింతలూ ఉండవు.

తమది ప్రాచీన వంశమని గర్వపడే పనీ లేదు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ తయారు చేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ బొమ్మ చూడాలంటే ఆయన కేబుల్ వెతుక్కోలేదు. క్యాసెట్‌ను బయటికి తీసి, టీవీకి తగిలించిన వేరే యంత్రంలో పెట్టారు. సరుకును మోసేది విడిగా బయటికి రావాలని తొలినాడే తేలిపోయింది.

మన పెళ్లి ఫొటోగ్రాఫర్లను చూడండి, తమ మూత తెరిచే వాళ్లు అరుదు. ముహూర్తానికీ భోజనాలకీ మధ్య కార్డు మార్చి, నిండినదాన్ని డబ్బాలో పెట్టి జేబులో వేసుకుంటారు. రాత్రి కంప్యూటరుకు తగిలించే కార్డు రీడరులో పెట్టి రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, నాలుగైదు ఫొటోలు తెరిచి చూసుకుని, ఆ తర్వాతే కార్డును ఫార్మాట్ చేస్తారు, అంటే ఖాళీ చేస్తారు. అదీ కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే. కొన్ని వందల రూపాయల రీడరు పాడైతే పారేసి ఇంకొకటి కొంటారు, కెమెరాకు ఈగ వాలదు.

కార్డు మార్గం పూలబాట అని నేను అనను. కార్డు మీద ఇంకా రాత సాగుతోందని పక్కన ఎర్ర దీపం మెరుస్తుండగా కార్డు తలుపు తెరిచే ధీరులున్నారు. రాత సాగుతుండగా రీడరులోంచి కార్డు పెరికి, 'ఎజెక్ట్' నొక్కకపోయినా విండోస్ ఇప్పుడు ఊరుకుంటుందిలే అనే వాళ్లూ ఉన్నారు. పాత కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులదైతే మరీ ఘోరం. 50 సూదుల వంటి పిన్నులు కెమెరా లోపలే నిలబడి ఉంటాయి, కార్డును వంకరగా తోస్తే ఒకటి ఒరుగుతుంది, మళ్లీ మెకానిక్, మళ్లీ భూతద్దం. ఎస్‌డీ కార్డు అంత ప్రమాదకారి కాదు. దాని పక్కనున్న చిన్న తాళం బుడిపె మాత్రం పెద్ద నటుడు. లోపలి చిప్పుకు దానితో ఏ సంబంధమూ ఉండదు, అది ఏ వైపుందో కెమెరా తడిమి చూసుకుంటుందంతే. అది జారితే 'కార్డు లాక్ అయింది' అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.

వైఫై గురించి అడుగుతారేమో. పిల్లలకు అదే ఇష్టం. కొన్ని కెమెరాలు ఫోనుకు పంపేటప్పుడు బొమ్మను 2 మెగాపిక్సెళ్లకు కుదించేస్తాయి, ఆపై వాట్సాప్ ఇంకొంత నమిలి పంపుతుంది, చూసినవారు 'చాలా క్లియర్‌గా ఉంది' అని మెచ్చుకుంటారు.

కాబట్టి నా విన్నపం. తమరికి నేటి నుంచి సెలవు మంజూరు చేయండని కెమెరా యజమానులందరినీ కోరుతున్నాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వంటి అరుదైన పనికి పిలిస్తే రండి, లేదంటే మూత కిందే విశ్రమించండి. ఆ మూత కూడా ఊడి వేలాడుతుంటే ధూళి పడకుండా చూసుకోండి.

ఇట్లు,
బాబాయిగారి అన్న కొడుకు

తా.క.: బాబాయి కొత్త కెమెరా కొన్నారు. తమ వారసుడు టైప్-సి 10,000 సార్లు తట్టుకుంటాడని దుకాణంలో చెప్పారట. ఆ ధైర్యంతో, డైనింగ్ టేబుల్ నుంచి టీవీ దాకా నేల మీదుగా వెళ్లేంత పొడవు కేబుల్ కూడా కొన్నారు.