దుర్ముఖిలో దరఖాస్తు

2016 జూన్ 23న బ్రిటన్ జనం యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి పోదామని ఓటేశారు. మర్నాడు పొద్దున్నే టీవీలో ఆ వార్త చూసి మావయ్యగారు, "ఉగాదినాడు దుర్ముఖి అని పేరు వినగానే అనుకున్నాను" అన్నారు. అత్తయ్యగారూ ఆయనా అప్పుడే రాజమండ్రి నుంచి లండన్ పక్కనున్న స్లౌకి వచ్చి ఉన్నారు, మాతో మూణ్ణెల్లు ఉండిపోదామని.

మా ఆయనదీ నాదీ డచ్ పాస్‌పోర్టులు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో చాలా ఏళ్లు ఉన్నాక వచ్చినవి. యూనియన్ పౌరులు ఏ సభ్యదేశంలోనైనా ఉండి పని చేసుకోవచ్చు కాబట్టి 2011లో వీసా గొడవేమీ లేకుండా పెట్టెలు సర్దుకుని ఇటు వచ్చేశాం. 2004 నాటి యూనియన్ చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. అలా వచ్చి ఐదేళ్లు వరసగా పని చేసుకుంటూ ఉంటే శాశ్వత నివాస హక్కు దానంతటదే వస్తుంది. ఎవరూ ఇవ్వక్కర్లేదు. కాకపోతే వచ్చినట్టు కాగితం కావాలంటే మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. బ్రిటన్‌లో అప్పట్లో ఆ దరఖాస్తు 85 పేజీలు. మనిషికి 65 పౌండ్లు. బ్రిటిష్ పౌరసత్వం అడగాలంటే ముందు ఈ కాగితం చూపించాలని అంతకు ముందు ఏడాది నవంబరులోనే రూలు పెట్టారు కూడా.

"ఏముందే, ఒక్క వీకెండ్ పని" అన్నారు మా ఆయన. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఏ పనికైనా ముందు ఈ మాటే చెబుతారు.

ఆ వీకెండ్ ఒక్క పట్టిక దగ్గరే అయిపోయింది. ఐదేళ్లలో దేశం విడిచి ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఎందుకు వెళ్లారు? ఏడాదిలో బయట ఉన్నది మొత్తం ఆరు నెలలు దాటకపోతే చాలు. మేం ఏనాడూ దాని దరిదాపులకి కూడా పోలేదు. అయినా తేదీలు రాయాల్సిందే. యూనియన్ పాస్‌పోర్టు మీద ఇక్కడ స్టాంపు కొట్టరు. అన్నాళ్లూ అదో గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం ఖాళీ పేజీలు తిరగేస్తూ కూర్చున్నాం.

నాకు ప్రయాణాలు చీరలతో గుర్తుంటాయి. "ఐండ్‌హోవెన్‌లో గృహప్రవేశానికి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకున్నానండీ, ఫోన్‌లో ఫొటో ఉంటుంది, తేదీ చూడండి" అన్నాను. చూస్తే ఆ చీర మూడు ఫంక్షన్లలో ఉంది. మావయ్యగారికేమో తిథులతో గుర్తు. "విజయ నామ సంవత్సరం, భీష్మ ఏకాదశి మర్నాడు దిగార్రా మీరు. రాసుకో" అని ఖాయంగా చెప్పారు. మా ఆయన ఆన్‌లైన్ పంచాంగం తెరిచి అది 2014 ఫిబ్రవరి అని తేల్చి, ఇండియా స్టాంపుతో సరిచూశారు. ఒక్క రోజు కూడా తేడా లేదు! అప్పట్నుంచి మావయ్యగారు సోఫాలోంచి లేవలేదు. పట్టిక పూర్తయ్యేదాకా కాఫీలన్నీ అక్కడికే వెళ్లాయి.

అన్నిటికంటే తేలిగ్గా దొరికింది 2015 జులై. గోదావరి పుష్కరాలు. దాని ఎదురుగా కారణం గడిలో మా ఆయన 'హాలిడే' అని కొట్టారు. మావయ్యగారు కళ్లజోడు సవరించుకుని, "తాతలకి పిండాలు పెట్టడం నీకు హాలిడేనా?" అన్నారు. అది కొట్టేసి 'కుటుంబ కార్యం' అన్న అర్థం వచ్చేట్టు ఇంకేదో రాశారు.

ఇక మిగిలింది రుజువులు. ఏడాదికొకటి కంపెనీవాళ్లిచ్చే పీ-60 కాగితం, అంటే జీతమెంత, పన్నెంత అని చెప్పేది. వాటితో పాటు కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటి పన్ను బిల్లులు. అన్నీ మేడమీద గదిలో ఒక అట్టపెట్టెలో ఉండాలి. పెట్టె ఉంది. లోపల మైక్రోవేవ్ గ్యారంటీ కార్డు తప్ప ఏమీ లేదు.

టెన్షన్‌తో ఇల్లంతా గాలించాం. మా ఆయన గొంతు పెరిగేసరికి అత్తయ్యగారు పూజ ఆపుకుని వచ్చారు. "ఆ తెల్ల కాగితాలా? వంటింటి అరల్లో పరిచాను కదా. మీరు న్యూస్‌పేపరే వేయించుకోరు, ఏం చెయ్యను? చక్కటి మందం కాగితాలు, ఊరికే పడున్నాయి" అన్నారు.

పోపులపెట్టె కింద 2012, ఇంగువ డబ్బా కింద 2014, పప్పుల సీసాల కింద రెండేళ్ల కౌన్సిల్ టాక్స్ దొరికాయి. అరకి సరిపోవాలని అంచులు ఎంత నీటుగా మడిచారంటే, చూస్తే కోపం కూడా రాలేదు. నూనె డబ్బా కింద 2013 ఉంది. సరిగ్గా జీతం అంకె చుట్టూ గుండ్రంగా నూనె మరక, ఒక మూల పసుపు. కంపెనీని కొత్తది అడుగుదామంటే అది ఈలోగా ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

"మూలన పసుపు ఉందిగా, శుభలేఖలా ఉంది, పంపేయ్" అన్నారు అత్తయ్యగారు. పంపేశాం. కాగితం వచ్చింది. మరక గురించి ఎవరూ అడగలేదు.

మాది నవ్వుకునే కథ అయింది గానీ, పక్కింటి ఇటలీ ఆవిడది కాలేదు. భర్త బ్రిటిషర్, ఆవిడ ఉద్యోగం మానేసి పిల్లల్ని పెంచింది. అలాంటివాళ్లకి విడిగా సంపూర్ణ ఆరోగ్య బీమా ఉండాలి, లేకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావన్నారు. అదే దేశం ఆసుపత్రిలో ఉచితంగా పురుడు పోసుకున్న మనిషికి ఈ మాట చెప్పారు. ప్రభుత్వ వైద్యం అందుతున్నవాళ్లకి వేరే బీమా అక్కర్లేదని యూనియన్ కోర్టు 2022 మార్చిలో తీర్పిచ్చింది. అప్పటికి బ్రిటన్ బయటికొచ్చి రెండేళ్లు దాటింది.

2019లో ఇంకో కబురు. యూనియన్ సభ్యత్వంతో పాటే ఆ పాత కాగితాలకీ కాలం చెల్లుతుంది, అందరూ కొత్త పథకంలో మళ్లీ పెట్టుకోండి అన్నారు. ఈసారి డబ్బుల్లేవు, 85 పేజీల్లేవు, ప్రయాణాల పట్టిక లేదు. ఉద్యోగం చేసేవాళ్లందరికీ ఉండే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు కొడితే ప్రభుత్వం తన రికార్డులు తనే చూసుకుంటుంది. పాస్‌పోర్టు చిప్ మీద ఫోన్ పెట్టాలి, అంతే. అందుకు వాడే యాప్ మొదట్లో ఆండ్రాయిడ్‌లోనే ఉండేది. మా ఇద్దరివీ ఐఫోన్లు. ఆ వేసవికి వచ్చిన మావయ్యగారి ఫోన్ అడిగి పని కానిచ్చాం.

అప్పట్నుంచి ఆయన అడుగుతూనే ఉన్నారు, "నా ఫోన్‌లోనే కదా వచ్చింది, ఏదీ కాగితం?" అని. కాగితం ఇవ్వరు, అంతా ఆన్‌లైనే అంటే నమ్మలేదు. చివరికి ఈమెయిల్లో వచ్చిన ఉత్తరం ప్రింటు తీయించి, రాజమండ్రి పట్టుకెళ్లి లామినేషన్ చేయించారు. పొలం దస్తావేజులతో పాటు బీరువాలో ఉంది. 'ఈ ఉత్తరం మీ హోదాకి రుజువు కాదు' అన్న లైను లామినేషన్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.