సీరియల్ యాక్టింగ్ అని వెక్కిరించే ముందు

ఇంట్లో ఎవరైనా కాస్త గట్టిగా ఏడ్చినా, అలిగినా "చాల్లే నీ సీరియల్ యాక్టింగ్" అనేస్తాం. మొన్న ఒక నాటక పరిషత్తులో కూడా అదే మాట విన్నాను. స్టేజీ మీద ఒకాయన గొంతు పెంచగానే నా వెనక సీట్లో పెద్దమనిషి "టీవీలోకెళ్లి పాడైపోయాడండీ" అన్నాడు. ఒళ్లు మండింది. పాడుచేసిందెవరో కూడా చెప్పుంటే బాగుండేది.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. అప్పట్నుంచీ మన దగ్గర పోటీ నాటకాల పిచ్చి తగ్గిందే లేదు. గంటసేపు ఆడే నాటికకి నెలల తరబడి రిహార్సల్స్ చేస్తారు. బ్యాంకులోనో, బళ్లోనో, కరెంటాఫీసులోనో డ్యూటీ దిగి, సాయంత్రం ఎవరి డాబా మీదో చేరతారు. పక్కవాడి డైలాగు కూడా నోటికొచ్చేదాకా డైరెక్టరు వదలడు. వచ్చిన ప్రైజు డబ్బులు వ్యానుకీ సెట్టింగుకీ సరిపోతే అదృష్టం. నాటకం కూడు పెట్టదు. అందుకే సీరియల్ పిలుపు రాగానే హైదరాబాద్ బస్సెక్కుతారు. దాన్ని తప్పుపట్టే హక్కు టికెట్ కొని నాటకం చూడని మనకెక్కడిది?

హైదరాబాద్ వచ్చాక ఆ స్టేజీ నటుడికి దొరికేవి హీరోయిన్ బాబాయ్, లాయరు, గుళ్లో పూజారి వేషాలు. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. నలభై నిండని ఆవిడ ముప్పై ఏళ్ల హీరోకి తల్లి. చాలా సెట్లలో చీరలు కూడా ఆవిడే తెచ్చుకోవాలి.

సరే, వేషం చిన్నదే అనుకుందాం. చేసే పద్ధతి చూడండి. సీన్ పేపరు ముందురోజు ఉండదు. మేకప్ వేసుకున్నాక కూడా ఒక్కోసారి ఉండదు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి ప్రాంప్టింగ్ చెబుతుంటాడు.

"నువ్వీ ఇంటికి" అంటాడు అతను. "నువ్వీ ఇంటికి" అంటాడు ఈయన.

"కోడలిగా రావడం" అంటాడు అతను. ఈయనా అంటాడు.

"నాకు ఇష్టం లేదు" అన్నాక గానీ తండ్రి వేషం వేసిన ఆయనకి తనకేం ఇష్టం లేదో తెలియదు! ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలా, చెవి అటు పడేయాలా? మాటల మధ్య ఆ ఆగడం మీకు బాధలా కనిపిస్తుంది కదా, అది తర్వాతి ముక్క కోసం చూసిన ఎదురుచూపు. ఎదురుగా ఉన్న హీరోయిన్‌కి తెలుగు రాకపోవచ్చు, ఆమె గొంతు తర్వాత డబ్బింగ్‌లో వస్తుంది. పాపం, ఆ అమ్మాయిదీ తప్పు కాదు.

సీన్ అయ్యాక "సార్, రియాక్షన్లు" అంటారు. ఒక షాకు, ఒక కోపం, ఒక అనుమానం. దేనికి సార్ షాకు అని అడిగితే "ఇచ్చేయండి సార్, ఎడిటింగ్‌లో వాడుకుంటాం" అని జవాబు. దాని మీద ఉరుము శబ్దం వేసి మూడుసార్లు చూపించి, చివరికి ఓవరాక్షన్ అని పేరు ఆయనకి.

వీళ్లకి నటన రాదనుకుంటే 'అమృతం' గుర్తు చేసుకోండి. 2001లో జెమినీలో మొదలైంది, వారానికి ఒక్కరోజే, ఆదివారం రాత్రి. అందులో ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారు నాటకాల నుంచి వచ్చిన మనిషే. ఆయన ఒక్క చూపుతో నవ్వించిన సీన్లు ఇప్పటికీ జనం యూట్యూబ్‌లో వెతుక్కుని చూస్తున్నారు. రాసుకున్న స్క్రిప్టు, వారం టైము ఉంటే బుల్లితెర మీద ఎలాంటి నటన వస్తుందో అదే సాక్ష్యం. డైలీ సీరియల్‌కి అంత టైము ఉండదు, నిజమే. 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా నడిచింది, ఎపిసోడ్లు పదిహేను వందలు దాటాయి. ఆ పరుగులో ఎవరైనా అలసిపోతారు. అయినా అలసటకీ, డైలాగే తెలియకుండా నిలబెట్టడానికీ తేడా లేదా?

పైగా ఉద్యోగ భద్రత సున్నా. గురువారం రేటింగులు వస్తాయి, ట్రాక్ మారుతుంది, బాబాయ్ గారి ఫోటోకి దండ పడుతుంది. ఆయన చచ్చిపోయిన సంగతి ఆయనకి ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్‌లో చెబుతాడు. రోజు లెక్కన ఇచ్చే డబ్బు, అదీ నెలలు గడిచాక. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగితే చానళ్లు పాత ఎపిసోడ్లు వేసుకుని బండి లాగించాయి. రోజు కూలి మీద బతికే ఆర్టిస్టులకి ఆ నెలల్లో ఏముంది?

నేనేమీ సీరియల్ కథలు మార్చమనట్లేదు. అత్తాకోడళ్లు కొట్టుకోనీండి, విషం కలిపిన పాల గ్లాసులు మారిపోనీండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు కావాల్సింది ఒక్కటే, రేపు తీయబోయే సీన్ ఈ రాత్రి ఆర్టిస్టు చేతిలో ఉండాలి. ముప్పై ఏళ్లు స్టేజీ మీద నిలబడ్డ మనిషికి నాలుగు పేజీలు కంఠతా పట్టడం ఎంతసేపు?

ఈ పోస్టు కింద బడ్జెట్ లేదని మాత్రం ఎవరూ కామెంట్ పెట్టకండి. వాట్సాప్‌లో పేపరు పంపడం ఫ్రీ.