విండ్‌షీల్డ్ వారంటీ నిలిచేదీ పోయేదీ అంచు సీలు దగ్గరే

బిజినెస్ జెట్ కొనేటప్పుడు గంటకింత కట్టే ఇంజిన్ మెయింటెనెన్స్ ప్రోగ్రాం మీద నెలల తరబడి బేరాలు సాగుతాయి. సీట్ల తోలు రంగు దాకా అన్నీ అడుగుతారు. విండ్‌షీల్డ్ వారంటీ పేజీ మాత్రం ఎవరూ తిప్పరు. నాలుగో ఏడాదిలో అద్దం మూలన పాలమీగడలా తెల్లటి మచ్చ కనబడినప్పుడు ఆ పేజీ వెతుకుతారు. అప్పటికి అందులో దక్కేది కొసరు మాత్రమే.

వేడెక్కే గాజు విండ్‌షీల్డ్ ఒక్క పలకతో తయారవదు. బయట ఒక గాజు పొర, లోపల క్యాబిన్ ఒత్తిడిని మోసే పొరలు, వాటిని అతికిస్తూ పీవీబీ లేదా యురేథేన్ అనే ప్లాస్టిక్ మధ్యపొర ఉంటాయి. బయటి గాజు లోపలివైపు కంటికి ఆనని లోహపు పూత, దానికి కరెంటు అందించే బస్‌బార్లు, ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్లు. పార్ట్ 25 (పెద్ద విమానాలకు అమెరికా పెట్టిన భద్రతా నిబంధనలు) కింద సర్టిఫై అయిన జెట్‌లో పైలట్ ఎదుటి అద్దం, డిజైన్ క్రూయిజ్ వేగంలో 4 పౌండ్ల పక్షి గుద్దినా చిల్లుపడకూడదు. అంత గట్టి అద్దాన్ని తడి మెల్లగా తినేస్తుంది.

తడి దారి ఎప్పుడూ అంచు సీలు నుంచే. వానచినుకులు, దుమ్ము వేగంగా కొట్టడంతో ఆ సీలెంట్ ముందు పల్చబడుతుంది, తర్వాత లేస్తుంది. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ గొట్టం అంచు మీదికి తిప్పితే పని ఇంకా తొందరగా అవుతుంది. లోపలికి దిగిన నీటిని పీవీబీ పీల్చుకుని తెల్లబారుతుంది, గాజు మీద పట్టు వదులుతుంది. తడి బస్‌బార్‌ను చేరితే ఆర్కింగ్, అంటే కరెంటు నిప్పురవ్వలుగా దూకడం, మొదలవుతుంది. అంచున గోధుమరంగు కాలిన గీత కనిపిస్తే అదే. ఎంత దూరం పోతుందో చూడాలంటే 2018 మే 14 గుర్తు చేసుకోండి. చాంగ్‌చింగ్ నుంచి లాసా వెళ్తున్న సిచువాన్ ఎయిర్‌లైన్స్ ఏ319లో కోపైలట్ వైపు అద్దం గాల్లోనే ఊడిపోయింది. సీలు దెబ్బతిని, నీరు చేరి, తీగ ఇన్సులేషన్ నాని, ఆర్క్ వేడికి ఒత్తిడి మోసే రెండు పొరలూ పగిలి ఉండొచ్చని చైనా దర్యాప్తు తేల్చింది. అది ఎయిర్‌లైన్ విమానమే కావచ్చు, మన జెట్ అద్దం కట్టడం కూడా అదే తీరు.

అందుకే డీలామినేషన్‌ను, అంటే పొరలు విడిపోవడాన్ని, ఒక్క మాటతో ‘అరుగుదల’ అని కొట్టేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. సీలు బాగున్నా పొరలు విడిపోయాయంటే అతుకులోనే లోపం, దాన్ని తయారీదారు భరించాలి. సీలు లేచిపోయి ఏడాదైనా ఎవరూ చూడలేదంటే ఆపరేటర్ బాధ్యత. ఈ రెంటినీ విడదీసేది మీ దగ్గరున్న కాగితాలే. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందని అనుకోకండి. పక్షి గుద్దితే, వడగళ్లు పడితే హల్ పాలసీ (విమానానికి జరిగే నష్టానికి బీమా) చూసుకుంటుంది గానీ, నిదానంగా పాడైనదాన్ని సాధారణంగా ముట్టుకోదు. గంటకింత కట్టే పార్ట్స్ ప్రోగ్రాముల్లోనూ అద్దాలను మినహాయించేవి ఉన్నాయి, సంతకానికి ముందే ఆ పదం వెతకండి.

ప్రో-రాటా లెక్క, అంటే వాడిన కాలాన్ని బట్టి వారంటీ సొమ్ము తగ్గే లెక్క, సంగతి చూడండి. ఐదేళ్ల వారంటీ, 50 వేల డాలర్ల అద్దం అనుకుందాం. నాలుగేళ్లు నిండాక పోతే మీకొచ్చేది ఐదో వంతు, అంటే 10 వేలు. మిగతా 40 వేలు మీవే. విప్పి బిగించే కూలి, సీలెంట్, ఆరేదాకా విమానం నేలమీద ఉన్న రోజులు దీనికి అదనం. వారంటీ గడియారం అమర్చిన రోజు నుంచా, ఫ్యాక్టరీ వదిలిన రోజు నుంచా? ఫ్యాక్టరీ నుంచి అయితే స్టోర్ అరలో ఏడాది కూర్చున్న స్పేర్‌కు ఒక ఏడాది అక్కడే పోయినట్టు. క్లెయిమ్ కింద వచ్చిన కొత్త అద్దానికి వారంటీ మొదటి నుంచా, పాతదాని మిగులేనా? ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి.

రుజువు మొదటి రోజే మొదలవ్వాలి. అమర్చగానే డేటా ప్లేట్, సీరియల్ నంబరు, నాలుగు మూలలు ఫొటో తీయండి. తర్వాత ప్రతి ఇన్‌స్పెక్షన్‌లో టార్చ్ వెలుగు పక్కనుంచి ఏటవాలుగా వేసి అంచంతా చూడండి. విడిపోయిన చోట పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొలత మిల్లీమీటర్లలో లాగ్‌లో రాయండి. ఎంతవరకు ఎగరొచ్చో మీ విమానం మెయింటెనెన్స్ మాన్యువల్ 56వ చాప్టర్ చెబుతుంది, పక్క మోడల్ కొలత పనికిరాదు. సీలు లేస్తే లోహపు బ్లేడు పెట్టకండి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసి, మాన్యువల్ చెప్పిన సీలెంట్ వేసి, పూర్తిగా గట్టిపడ్డాకే ఎగరండి.

బుడగలు అంచున గాక చూపు పడే మధ్యలో వస్తే కథ వేరు. అది తరచుగా ఎక్కువ వేడికి గుర్తు. ముందు అద్దం వేడిని నడిపే కంట్రోలర్‌ను, సెన్సర్ రెసిస్టెన్స్‌ను కొలవాలి. అవి చూడకుండా కొత్త అద్దం బిగిస్తే అదీ ఉడుకుతుంది, రెండో క్లెయిమ్ తిరస్కరిస్తారు. సెన్సర్ ఒక్కటే పోయినప్పుడు మొత్తం అద్దం మార్చడం మరీ బాధాకరం. చాలా విండ్‌షీల్డ్‌లలో స్పేర్ సెన్సర్ లోపలే ఉంటుంది, మాన్యువల్ ఒప్పుకుంటే వైరు దానికి మార్చుకుంటే చాలు.

గాజు కాక యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసిన అద్దాలకు శత్రువు చేతిగుడ్డ. సెస్నా సైటేషన్ సీజే1, సీజే2, సీజే3 చిన్న జెట్‌లలో ముందు అద్దం యాక్రిలిక్, మంచును ఇంజిన్ నుంచి మళ్లించిన వేడి గాలితో (బ్లీడ్ గాలి) కరిగిస్తారు. అసిటోన్, ఎంఈకే, పెట్రోలు, అమ్మోనియా ఉన్న ఇంటి గ్లాస్ క్లీనర్ తగిలితే వెంట్రుకవాసి పగుళ్లు (క్రేజింగ్) వస్తాయి, ఎదురెండలో దిగేటప్పుడు రన్‌వే మసకబారుతుంది. బేగంపేట ఆప్రాన్ మీద మే ఎండలో నిలిపిన విమానం దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే అది ఉప్పుకాగితమే. ముందు నీళ్లు ధారగా పోయాలి, ఉంగరం తీసేసి సబ్బునీళ్లతో ఉత్త చేత్తో రాయాలి, ఆ తర్వాతే మెత్తటి నూలుగుడ్డ.

చివరికి అద్దం విప్పే రోజు జాగ్రత్త. పీకేటప్పుడు అంచు చిట్లితే ‘తీసేటప్పుడు పాడుచేశారు’ అని రాసేస్తారు. విప్పకముందే లోపల, బయట ఫొటోలు తీయండి. కొత్తది వచ్చిన పెట్టెలోనే పాతదాన్ని సర్ది, సీరియల్ నంబరు, గంటలు, ల్యాండింగులు, పాడైన చోటు రాసిన ట్యాగ్ కట్టి, తయారీదారు పెట్టిన గడువు లోపల పంపండి. గడువు దాటిన పెట్టెకు క్రెడిట్ రాదు.